బడిలో సంగీతం టీచరు: పోస్టు ఎక్కడుంది, పని ఏముంది?

జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుకున్న ఎవరినైనా మీ బడిలో డ్రిల్లు మాస్టారు ఉండేవారా అని అడగండి. పేరు చెబుతారు, ఆయన ఈల ఎలా వేసేవారో కూడా చెబుతారు. సంగీతం టీచరు ఉండేవారా అంటే మాత్రం కాసేపు ఆలోచించి, లేరంటారు. అలాగని ఆ బడిలో పాట లేదా? రోజూ ప్రేయర్‌కి ఉండేది. ఆగస్టు 15కి నలుగురు ఆడపిల్లలు మైకు ముందు నిలబడి దేశభక్తి గీతం పాడేవారు. వార్షికోత్సవానికి కోలాటం ఉండనే ఉండేది. అవన్నీ నేర్పింది తెలుగు పంతులుగారో, సోషల్ మేడమో, గొంతు బాగుందని పేరున్న పదో తరగతి అమ్మాయో.

మన బళ్ళకి పాట కావాలి. పాట నేర్పే మనిషిని ఏ లెక్కలో వేసుకోవాలో మాత్రం తేలలేదు. ఈ ఉద్యోగంలో జీతం, టైంటేబులు, మార్కులు, ప్రమోషన్ దేని గురించి అడిగినా సూటిగా జవాబు దొరకదు. లాగుతూ పోతే అన్నీ ఒక్కచోటే ముడిపడి ఉంటాయి: బడి సంగీతాన్ని పాఠం అనుకుంటోందా, ఫంక్షన్ అనుకుంటోందా? పాఠం అనుకుంటే దానికి పీరియడ్లు, పోస్టు, స్కేలు ఉంటాయి. ఫంక్షన్ అనుకుంటే జనవరిలో ఒక మనిషిని పిలుచుకుంటే సరిపోతుంది.

చట్టం ఏం చెప్పింది

2009 విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. బడికి ఎన్ని గదులు, ఎంతమంది టీచర్లు, ఎన్ని పనిదినాలు అన్నది అందులో రాశారు. 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 మంది దాటితే పూర్తికాలపు హెడ్మాస్టరుతో పాటు, కళావిద్యకి, ఆరోగ్య వ్యాయామ విద్యకి, పని విద్యకి పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలంది. లెక్కలు, సైన్సు, సోషల్, భాషలకి టీచర్లుంటారు. ఈ మూడింటికీ ఇన్‌స్ట్రక్టర్లు, వాళ్ళూ పార్ట్‌టైం.

సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పనిచేస్తున్న పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లు ఈ దారిలో వచ్చినవాళ్ళే. పేరుకి పార్ట్‌టైం అయినా చాలామంది బడి గంట కొట్టిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. ఇచ్చేది స్కేలు కాదు, గౌరవ వేతనం. రెగ్యులర్ చేయండని ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు.

ఇందులో సంగీతం వాటా ఇంకా తక్కువ. కళావిద్య అంటే చిత్రలేఖనం, సంగీతం, నాట్యం, నాటకం అన్నీ కలిపి. ఇన్ని కళలకీ ఒక్క మనిషి. ఆ ఒక్కరు చాలాచోట్ల డ్రాయింగ్ మాస్టారే అయ్యారు. దానికి కారణం ఉంది. డ్రాయింగుకి లోయర్, హయ్యర్ అని ప్రభుత్వ పరీక్షలు దశాబ్దాలుగా ఉన్నాయి, ఆపైన వేసవిలో 42 రోజుల టీటీసీ అనే టీచరు శిక్షణ ఉంది. అర్హత కాగితం చేతిలో ఉన్నవాళ్ళు ప్రతి మండలంలో దొరుకుతారు. ఇంకో సంగతి కూడా నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. పిల్లాడు వేసిన బొమ్మని గోడకి అంటించి, డీఈవోగారు తనిఖీకి వచ్చినప్పుడు చూపించవచ్చు. పిల్లాడు పాడిన పాట ఎక్కడ అంటిస్తాం?

నిజంగా పోస్టు ఉన్న చోట్లు

సంగీతం టీచరు అనే పోస్టు అసలే లేదనుకోకండి. వెతికే చోటు వేరు. తెలంగాణలో గురుకులాల నియామక బోర్డు 2023లో ఇచ్చిన నోటిఫికేషన్లలో మ్యూజిక్ టీచర్ పోస్టులే 124 ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీలో, అంటే టీచర్ల నియామక పరీక్షల్లో, స్కూల్ అసిస్టెంట్లు (హైస్కూలు సబ్జెక్టు టీచర్లు), ఎస్‌జీటీలతో (ప్రాథమిక తరగతుల టీచర్లు) పాటు సంగీతం, క్రాఫ్ట్, డ్రాయింగ్ పోస్టులకీ పరీక్ష పెట్టారు. గురుకులంలో పోస్టు ఉండటానికి కారణం కనిపిస్తూనే ఉంది. పిల్లలు రాత్రీ పగలూ అక్కడే ఉంటారు, ఆదివారం సాయంత్రాలకి ఏదో ఒకటి కావాలి. అక్కడ చేరిన టీచరుకి సంగీతంతో పాటు స్టడీ అవర్ పర్యవేక్షణ, నైట్ డ్యూటీ, మెస్ డ్యూటీ వంతులు కూడా వస్తాయి.

కేంద్రం నడిపే బళ్ళలో రెండు రకాల లెక్క ఉంది. కేంద్రీయ విద్యాలయంలో సంగీతం టీచరుది పీఆర్‌టీ కేడర్, అంటే ప్రాథమిక టీచరు స్థాయి. ఏడో వేతన సంఘం లెక్కలో లెవెల్ 6, మూలవేతనం 35,400 దగ్గర మొదలవుతుంది. నవోదయ విద్యాలయంలో అదే సంగీతం టీచరు టీజీటీ స్థాయి, అంటే హైస్కూలు టీచరు స్థాయి, లెవెల్ 7, మొదలు 44,900. పాడేది అదే మాయామాళవగౌళ రాగం, పాడించేది అవే సామూహిక గీతాలు. తేడా ఎందుకంటే నవోదయలో పిల్లలు ఆరో తరగతి నుంచే ఉంటారు కాబట్టి ప్రాథమిక కేడర్ అనేదే అక్కడ లేదు. కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతి ఉంది కాబట్టి సంగీతాన్ని అక్కడ కట్టేశారు. కానీ ఒకటి నుంచి అయిదు వరకు పీరియడ్లు చెప్పి, పన్నెండో తరగతి పిల్లల చేత అసెంబ్లీ పాట పాడించేదీ, పెద్ద పిల్లల్ని పోటీలకి తయారు చేసేదీ ఆ పీఆర్‌టీయే. పన్నెండేళ్ళకి సీనియర్ స్కేలు, ఆపైన సెలక్షన్ స్కేలు వస్తాయి. జీతం పెరుగుతుంది, హోదా అక్కడే ఉంటుంది. 

అయినా దేశం మొత్తం మీద బీఏ సంగీతం చదివినవాళ్ళు కళ్ళలో వత్తులేసుకుని ఎదురుచూసేది కేంద్రీయ విద్యాలయాల సంస్థ (కేవీఎస్) నోటిఫికేషన్ కోసమే. 2022లో వచ్చినప్పుడు మ్యూజిక్ పీఆర్‌టీ ఖాళీలు 303. తెలంగాణ ఒక్క రాష్ట్రం గురుకులాల్లో 124, దేశమంతటికీ కేవీల్లో 303. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే రాష్ట్రం తలుచుకుంటే ఏం చేయగలదో తెలుస్తుంది.

మిగిలింది ప్రైవేటు. ఉద్యోగాల సంఖ్యలో ఇదే పెద్దది, రూల్సు లేనిదీ ఇదే. కార్పొరేట్ బడి అయితే కీబోర్డు, డ్రమ్స్, గిటార్ ఉన్న మ్యూజిక్ రూమ్ ఉంటుంది. అడ్మిషన్ల సీజన్లో తల్లిదండ్రుల్ని ముందు అక్కడికే తీసుకెళ్తారు. మామూలు బడి అయితే వారానికి రెండు రోజులు వచ్చే టీచరు, అదే టీచరు మిగిలిన రోజులు ఇంకో రెండు బళ్ళలో. నెల జీతం కంటే సాయంత్రం ఇంటి దగ్గర చెప్పుకునే ట్యూషన్ల మీదే ఇల్లు గడిచేవాళ్ళు చాలామంది. బడి వాళ్ళకి ఒకరకంగా పిల్లలు దొరికే చోటు.

చదువు ఒక దారి, ఉద్యోగం ఇంకో దారి

మన దగ్గర సంగీతం చదువుకి మంచి చరిత్రే ఉంది. విజయనగరంలో విజయరామ గజపతిరాజు 1919లో సంగీత కళాశాల పెట్టారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ చెప్పిన ద్వారం వెంకటస్వామినాయుడు తర్వాత అదే కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. ఇప్పుడు విజయవాడ, హైదరాబాద్, సికింద్రాబాద్, వరంగల్ లాంటి చోట్ల కూడా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు ఉన్నాయి. నాలుగేళ్ళ సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ళ డిప్లొమా. సాయంత్రం క్లాసులు కాబట్టి డిగ్రీ చదువుకుంటూనో, ఉద్యోగం చేసుకుంటూనో కూడా పూర్తిచేయవచ్చు. ఇది కాకుండా విశ్వవిద్యాలయాల్లో బీఏ, ఎంఏ సంగీతం ఉన్నాయి.

అంత చదివాక కచేరీ చేయగలరు. ఆరో తరగతి బి సెక్షన్‌లో నలభై అయిదు మందిని కూర్చోబెట్టి పాఠం చెప్పడం మాత్రం ఆ ఆరేళ్ళలో ఎవరూ నేర్పరు. సంగీత కళాశాలలో గురువు ముందు అయిదుగురో పదిమందో కూర్చుంటారు, అందరూ నేర్చుకుందామని వచ్చినవాళ్ళే. బడిలో సగం మందికి ఆ గంట ఎప్పుడు కొడతారా అని ఉంటుంది.

బోధన నేర్పే బీఈడీలో చూస్తే మన రెండు రాష్ట్రాల్లో మెథడాలజీలు లెక్కలు, సైన్సు, సోషల్, భాషలకే. సంగీతానికి మెథడ్ లేదు. బీఏ సంగీతం వాళ్ళు బీఈడీ చేయాలంటే వేరే సబ్జెక్టు ఆధారంగా చేరాలి. బీఈడీ లేకపోతే స్కూల్ అసిస్టెంట్ కాలేరు, స్కూల్ అసిస్టెంట్ కాకపోతే హెడ్మాస్టరు సీనియారిటీ లిస్టులో పేరే ఉండదు. పాతికేళ్ళు పనిచేసిన సంగీతం టీచరు చేరిన పోస్టులోనే రిటైరవడానికి కారణం ఇది. తెలివో, శ్రద్ధో తక్కువై కాదు.

ఏడాదికి ఇరవై నాలుగు గంటలు

ఇక క్లాసులోకి వెళ్దాం. ముందు చిన్న లెక్క. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకి ఏడాదికి 220 పనిదినాలు. వారానికి ఆరు రోజుల చొప్పున సుమారు 36 వారాలు. వారానికి ఒక మ్యూజిక్ పీరియడ్, 40 నిమిషాలు. మొత్తం 24 గంటలు. ఇందులో పరీక్షలు, యూనిట్ టెస్టులు, స్పోర్ట్స్ మీట్ తీసేయండి. "మేడమ్, మాకు ఇంకా రెండు చాప్టర్లున్నాయి, ఈ ఒక్క పీరియడ్ ఇచ్చేయండి" అని లెక్కల సారు తీసుకున్నవీ తీసేయండి. ఆయన ఒక్కటే అన్నారు, ఒక్కటితో ఆగరు. చివరికి మిగిలేది పదిహేను, పదహారు గంటలు. అదే పిల్లని తల్లి ఇంటి దగ్గర సంగీతం క్లాసులో వేస్తే, వారానికి రెండు గంటల చొప్పున రెండు నెలల్లో అన్ని గంటలూ వచ్చేస్తాయి.

సీబీఎస్ఈ 2019లో ఒకటి నుంచి పన్నెండు దాకా ప్రతి తరగతికీ వారానికి కనీసం రెండు పీరియడ్లు కళలకి కేటాయించాలని చెప్పింది. మంచిదే. కానీ ఆ రెండూ సంగీతానికే కాదు. సంగీతం, నాట్యం, చిత్రకళ, నాటకం అన్నీ అందులోనే సర్దుకోవాలి.

ఈ 15 గంటల్లో ఏం నేర్పాలి? మన సంప్రదాయం ప్రకారం మాయామాళవగౌళలో సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, తర్వాత మలహరి రాగంలో గీతాలు. పురందరదాసు పెట్టిన వరస అని చెప్పుకుంటాం. మాయామాళవగౌళలో షడ్జానికి (స) ఆనుకునే శుద్ధ రిషభం (చిన్న రి) ఉంటుంది, పంచమానికి (ప) ఆనుకునే శుద్ధ ధైవతం (చిన్న ద). ఇంత దగ్గరి స్వరాలు పట్టుకున్న గొంతుకి మిగిలినవి సులువు, అందుకే దాంతో మొదలుపెట్టారు. రోజూ తెల్లవారుజామున గురువు పక్కన కూర్చుని సాధన చేసే పిల్లకి ఇది తిరుగులేని పద్ధతి.

వారానికోసారి నలభై అయిదు మందితో చేసి చూస్తే ఏమవుతుందో చెబుతాను. "సరిగమ" అనగానే పిల్లలు సినిమా పాటల్లో, జాతీయగీతంలో విన్న పెద్ద రిషభం దగ్గరికి వెళ్ళిపోతారు. మీరు శుద్ధ రిషభం పాడతారు, వాళ్ళు చతుశ్రుతి రిషభం పాడతారు. మధ్యలో ఇంకొందరు రెండూ కాని చోట నిలబడతారు. సరిదిద్దుతూ ఉండగానే బెల్లు కొడతారు. వచ్చే వారానికి మళ్ళీ మొదటికే. మూడు నెలలకి పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, నాకు పాట రాదు అని.

అందుకే బడి వరకు మోహన రాగంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. స రి గ ప ద, అయిదు స్వరాలు, ఏ రెండింటికీ మధ్య అరస్వరం ఇరుకు లేదు. తప్పు పాడాలన్నా ఎక్కువ దూరం పోలేరు. మన జానపదాల్లో, లాలి పాటల్లో ఇలాంటి తక్కువ స్వరాల నడకలు బోలెడు. హంగేరీలో కొడాయ్ అనే సంగీతకారుడు బడిపిల్లల కోసం పెట్టిన పద్ధతిలోనూ మొదట అయిదు స్వరాల పాటలే. పిల్లలు పాడగలమని నమ్మాక, ఏడో తరగతిలో మాయామాళవగౌళ తీసుకోవచ్చు. దీనికి ఒప్పుకోని విద్వాంసులు ఉన్నారు, వాళ్ళ వాదనలో పస ఉంది కూడా. పునాది మారిస్తే శాస్త్రీయం వైపు వెళ్ళే పిల్లకి నష్టమంటారు. నిజమే. ఆ పిల్ల నలభై అయిదు మందిలో ఒకతె, ఎలాగూ బయట నేర్చుకుంటుంది.

తాళం సంగతి వేరు, దాన్ని మొదటి రోజునుంచే మొదలుపెట్టవచ్చు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. పిల్లలు మొదట బొటనవేలి దగ్గర్నుంచి లెక్కపెడతారు. ఒకసారి సరిచేస్తే చాలు, మళ్ళీ మర్చిపోరు. గొంతు విప్పడానికి సిగ్గుపడే పిల్లాడు కూడా బెంచీ మీద దరువు బాగా వేస్తాడు. మిగిలిన పీరియడ్లలో వాణ్ణి ఆ పనికే బయట నిలబెడుతుంటారు.

శ్రుతి, గొంతు, గ్రౌండు

కొత్తగా చేరిన మగ టీచర్లకి మొదటి నెలలో తగిలే చిక్కు శ్రుతిది. ఆయనది ఒకటి, ఒకటిన్నర శ్రుతి, అంటే కింది గొంతు. ఆ గొంతుతో పాడి వినిపించి "అనండి" అంటే, పిల్లలు పై స్థాయిలో అందుకోవాలి. కొందరు అందుకుంటారు. మిగిలినవాళ్ళు గడ్డం గుండెకి ఆనించి మాస్టారి గొంతు లోతుకే దిగాలని చూస్తారు, గొంతులో గురగుర తప్ప ఏమీ రాదు. దీనికి మందు తేలిక. హార్మోనియం అయిదో శ్రుతి దగ్గర పెట్టి, బాగా పాడే పిల్ల ఎవరో చూసుకుని, మొదటి వరస ఆ పిల్ల చేత పాడించాలి. పిల్లలకి పిల్లల గొంతు పట్టుకోవడం సులువు. ఆడ టీచర్లకి ఈ చిక్కు రాదు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మగపిల్లల గొంతు మారడం ఇంకో ఘట్టం. పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు సాగుతాయి. నిన్నటిదాకా పై షడ్జం అలవోకగా పాడినవాడికి ఇవాళ మధ్యలో గొంతు చీలిపోతుంది, క్లాసంతా నవ్వుతుంది. మగపిల్లలు సంగీతం వదిలేసేది ఎక్కువగా ఇక్కడే. ఆ ఏడాది, ఏడాదిన్నర వాడి చేత నాలుగైదు స్వరాల పరిధిలోనే పాడించి, లేకపోతే డప్పో మృదంగమో తబలానో చేతికిచ్చి, పాటలోనే ఉంచగలిగితే తర్వాత మంచి గొంతుతో తిరిగొస్తాడు. ఇది సిలబస్‌లో ఉండదు, టీచరే చూసుకోవాలి.

ప్రేయర్ గ్రౌండు లెక్క కూడా చెప్పాలి. జాతీయగీతం పూర్తిగా పాడటానికి 52 సెకన్లని ప్రభుత్వమే పెట్టింది. ఈ గీతానికి మన ప్రాంతంతో సంబంధం ఉంది. 1919లో ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకి వచ్చినప్పుడు దాన్ని అక్కడివాళ్ళకి పాడి వినిపించారు, అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ భార్య, సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ దాని వరసకి స్వరలిపి రాశారు. విద్యార్థుల చేత పాడించడానికి వరసని కాగితం మీద పెట్టుకోవడమంటే, సంగీతం టీచరు రోజూ చేసే పనే.

ఆరువందల మంది పిల్లలతో ఆ గీతం 52 సెకన్లలో రాదు. నిమిషం దాటుతుంది. అందరూ సాగదీస్తున్నారని టీచర్లు కేకలేస్తారు. తప్పు పిల్లలది కాదు. ధ్వని ముప్పై మీటర్లు వెళ్ళడానికి దాదాపు సెకనులో పదోవంతు పడుతుంది. స్టేజి మీద ముగ్గురు పాడితే, వెనక వరసలకి అది ఆలస్యంగా వినిపిస్తుంది. వాళ్ళు అందుకున్నది ముందువాళ్ళకి ఇంకా ఆలస్యంగా చేరుతుంది. ఒకరికోసం ఒకరు ఆగుతూ, పాట నెమ్మదిస్తూ పోతుంది. పాడే గుంపుని స్టేజి మీద కాకుండా గ్రౌండు మధ్యలో నిలబెట్టి, అందరికీ కనిపించేలా ఒకరు చేత్తో లయ చూపిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కన్ను చూసేదానికి ఆలస్యం ఉండదు కదా.

ఇన్ని గొంతుల మీద రోజూ తన గొంతు వినిపించేలా పాడేసరికి అరిగిపోయేది టీచరు గొంతు. మామూలు టీచర్లకే గొంతు సమస్యలు ఎక్కువ, పాడి చెప్పేవాళ్ళకి ఇంకా ఎక్కువ. స్వరతంత్రుల మీద చిన్న కాయల్లా లేచి గొంతు బొంగురుపోతుంది. మిరియాల పాలతో నెట్టుకొస్తారు. రెండు మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోవాల్సిందే. గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు, దానివల్ల కూడా శ్రమే. రోజుకి ఆరు పీరియడ్లు చెప్పేవారికి చిన్న కాలర్ మైకు విలాసం కాదు.

ఎవరి పాట

పిల్లలు బడికి ఖాళీ చెవులతో రారు. చర్చికి వెళ్ళే పిల్లలు క్వయర్‌లో పాడి ఉంటారు, కీబోర్డు మీద కార్డ్స్ పట్టడం కూడా కొందరికి వస్తుంది. ఇంకొకరి ఇంట్లో భజన మండలి ఉంటుంది. నాత్ (ప్రవక్తని స్తుతించే పాట) పాడే పిల్లాడికి గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, చెప్పకుండానే వస్తుంది. డప్పు కొట్టే ఇంటి పిల్లాడికి లయ మనం నేర్పేదేమీ లేదు. శాస్త్రీయం చదువుకుని వచ్చిన టీచరు దగ్గర ఉన్న కృతులు, కీర్తనలు దాదాపు అన్నీ భక్తి పాటలే. అవి నేర్పకూడదని కాదు. త్యాగరాజుని తీసేసి తెలుగువాళ్ళకి సంగీతం ఏం చెబుతాం? కానీ ఏడాదంతా అవే అయితే క్లాసులో కొందరు పెదవులు మాత్రమే కదుపుతారు. స్వరాలకి మతం లేదు కాబట్టి వరసలు అందరివీ. జానపదాలు, దేశభక్తి గీతాలు, వేరే భాషల సామూహిక గీతాలు కలుపుకుంటే ఎవరింట్లో పాట వారికి ఏదో ఒక రోజు క్లాసులో వినిపిస్తుంది.

సినిమా పాట మాటేమిటి? నిషేధం పెట్టినా లాభం లేదు, బస్సులో అదే పాడతారు. ఒక సినిమా పాట పల్లవి తీసుకుని, అందులో స్వరాలు పట్టుకోమంటే క్లాసు మొత్తం లేచి కూర్చుంటుంది.

ఫంక్షన్ నెల

డిసెంబరు వచ్చిందంటే ఇదంతా ఆగిపోతుంది. యాన్యువల్ డే. టైంటేబులు పక్కకి పోతుంది, ఎంపిక మొదలవుతుంది. నలభై అయిదు మందిలో బాగా పాడే నలుగురు మ్యూజిక్ రూమ్‌లో ఉంటారు, మిగిలిన నలభై ఒక్కరు క్లాసులో "కీప్ సైలెన్స్". చాలా ప్రైవేటు బళ్ళలో ఇప్పుడు పాట కూడా ట్రాక్ పెట్టేస్తున్నారు, పిల్లలు డాన్స్ చేస్తారు. సంగీతం టీచరు పని పెన్‌డ్రైవ్‌లో పాటలు వరసగా పెట్టడం, సౌండ్ సిస్టమ్ అతనితో గొడవపడటం.

తల్లిదండ్రులకి ఇదే కనిపిస్తుంది, కరస్పాండెంట్ గారికి ఇదే కావాలి, టీచరుకి మంచిపేరు వచ్చేదీ ఇక్కడే. స్టేజి మీద పాడటం పిల్లలకి మంచిదే, ధైర్యం వస్తుంది. కేంద్రం 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్ లాంటి పోటీలు 9 నుంచి 12 తరగతుల పిల్లల్ని జిల్లా నుంచి జాతీయ స్థాయిదాకా తీసుకెళ్తున్నాయి. కానీ టీచరు పనికి కొలత స్టేజి మీది నలుగురే అయితే, కొలవకుండా వదిలేసిన నలభై ఒక్కరికి ఆ బడిలో సంగీతం లేనట్టే. లెక్కల సారు పనిని ఒలింపియాడ్ రాసిన ఇద్దరిని బట్టి ఎవరూ తేల్చరు.

మార్కుల దగ్గరా ఇదే పేచీ. మన రాష్ట్ర బళ్ళలో కళా సాంస్కృతిక విద్యని సహపాఠ్య అంశంగా పెట్టి గ్రేడ్లిస్తారు. సంగీతం టీచరు లేని బడిలో ఆ గ్రేడ్లు వేసేది ఇంకో సబ్జెక్టు టీచరే. రికార్డు పూర్తిచేయాలి కాబట్టి అందరికీ 'ఎ' గ్రేడే పడుతుంది. పరీక్ష కఠినం చేయమని నేననను. గొంతుకి మార్కులేస్తే ఆ టెన్షన్‌తో ఉన్న కాస్త సరదా పోతుంది. ఏడాది మొదట్లో శ్రుతిలో కలవని పిల్ల చివరికి కలుస్తోందా, తాళం తప్పకుండా ఎనిమిది ఆవర్తాలు (తాళం చుట్లు) వేయగలుగుతోందా, ఇద్దరు ముగ్గురితో కలిసి పాడినప్పుడు పక్కవాళ్ళని వింటోందా, ఇవి రాసుకుంటే చాలు. రాసుకోవాలంటే క్లాసు జరగాలి.

2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకీ సహపాఠ్యాంశాలకీ మధ్య గోడ ఉండకూడదంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి, ఆరో తరగతికి కళల పాఠ్యపుస్తకాలు తెచ్చింది. అంటే పుస్తకం వచ్చింది. అది చెప్పే మనిషిని ఎవరు నియమిస్తారన్నది రాష్ట్రాల చేతిలో ఉంది. విద్యాహక్కు షెడ్యూల్లో మాత్రం ఇప్పటికీ పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టరే.

ఈలోగా ఈ ఉద్యోగంలో చేరబోయేవారు ఇంటర్వ్యూలో కొన్ని అడిగి తెలుసుకోవడం మంచిది. వారానికి ఎన్ని పీరియడ్లు, ఎన్ని సెక్షన్లు. సబ్‌స్టిట్యూషన్ పేరుతో వేరే క్లాసులకి పంపుతారా. వేసవి సెలవుల జీతం ఇస్తారా, పది నెలలకే సరిపెడతారా. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటారా. యాన్యువల్ డే రిహార్సళ్ళు బడి వేళల్లోనా, తర్వాతా. హార్మోనియం ఉందంటే ఒకసారి తెరిపించి, గాలి కొట్టి, రీడ్లు పలుకుతున్నాయో లేదో చూడండి. చాలా బళ్ళలో అది సరస్వతీ పూజకి బొట్టు పెట్టడానికి తప్ప బీరువాలోంచి బయటికి రాదు.